మా ఇంట్లో మిగిలిపోయిన దేవుని బియ్యం

ప్రొద్దుటూరు మార్కెట్ యార్డులో నేను వేలం పాట ఎత్తుకుంటే జమ్మలమడుగులో ఉయ్యాల్లోని పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు. పెన్న అవతలి ఒడ్డున గొర్రెలు మేత మానేసి తలెత్తి చూసేవి. ఒకసారి నా గొంతు విని వాన కూడా కాసేపు ఆగిందని చెప్పుకునేవాళ్లు.

చెప్పుకునేవాళ్లు ఎవరూ లేరు, నేనే చెప్పుకునేవాణ్ణి. నా గొంతు యార్డు గేటు దగ్గరున్న టీ అంగడి దాకా పోయేది, అదీ గాలి అటువైపు వీస్తే. కానీ నా బతుకంతా పెంచి చెప్పడంలోనే గడిచింది. శెనక్కాయల కుప్ప ముందు నిలబడి, సగం కాయలు లొట్టలని తెలిసినా, బంగారమని అరవడమే నా ఉద్యోగం. కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా నోటికి ఆ అలవాటు పోలేదు. కాబట్టి ఇది చదివేవాళ్లు నా మాటలను ఒకసారి చెరుక్కుని చదువుకోవాలి. మరీ ఎక్కువైన చోట నేనే ఒప్పేసుకుంటాను.

పెంచి చెప్పడానికి నాకు చేతకానిది ఒక్కటే ఉంది. నా భార్య పిడికిలి. అది చాలా చిన్నది.

ఆమె నాకు దూరపు వరసలో అక్క కూతురు. అందుకే మనవళ్లు పుట్టాక కూడా నన్ను మామా అనే పిలిచేది. మాది జమ్మలమడుగు. తాతల నాటి నుంచి క్రైస్తవులం. నాది పండగలకు తెల్లచొక్కా తొడుక్కుని పోయే భక్తి. ఆమెది పొయ్యి దగ్గరి భక్తి. ప్రతిపూటా అన్నానికి బియ్యం చేటలో పోసుకుని, రాళ్లు ఏరి, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసేది. కళ్లు మూసుకుని పెదవులు కదిపి, ఆ పిడికెడు మూలనున్న కుండలో వేసేది. ఆ తర్వాతే మాకు ఎసట్లో పడేవి. ఇంట్లో బియ్యం నిండుగా ఉన్ననాడూ అంతే, చేట అడుగు కనిపించేనాడూ అంతే.

ఇది ఆమె కనిపెట్టిన ఆచారం కాదు. మా సంఘంలో ఆడవాళ్లందరూ చేసేదే. పిడికెడు బియ్యం అంటే మాలో తెలియనివాళ్లు లేరు. ఆదివారం నాడు ఎవరి కుండలోవి వాళ్లు గుడ్డ సంచిలో పోసుకుని గుడికి తెచ్చేవాళ్లు. బలిపీఠం ముందు ఒక ఇత్తడి గంగాళం ఉండేది. వరసగా వచ్చి అందులో ఒంపి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లి కూర్చునేవాళ్లు. ఎవరు ఎంత పోశారని అడిగేవాళ్లు లేరు. ఒకసారి గంగాళంలో పడ్డాక ఏది ఎవరి గింజో ఆ తల్లులే చెప్పలేరు. పాస్టరు అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. ఆ బియ్యం వండి, ఊళ్లో ఆసుపత్రికి రోగులకు తోడుగా వచ్చి వరండాల్లో పడి ఉండేవాళ్లకు పెట్టేవాళ్లు.

ఆ అన్నం బాగుండేది కాదు. ఈ ఒక్క మాటలో పెంచి చెప్పింది లేదు. ఒకరివి సోనా మసూరి, ఒకరివి కంట్రోలు బియ్యం, ఇంకొకరివి నూకలు. ఒకే దబరలో ఒక గింజ ముద్దయిపోయేది, పక్క గింజ పలుకుగా మిగిలేది. అయినా తొండూరు నుంచో వల్లూరు నుంచో మనిషిని ఎత్తుకొచ్చి దిక్కుతోచక కూర్చున్నవాళ్లు ఆ అన్నాన్ని పప్పుపులుసులో పిసుక్కుని తినేవాళ్లు. గిన్నె పట్టుకుని వడ్డించేటప్పుడు మా ఆవిడ ముఖం చూడాలి. ఊరికి జమీందారిణి అంత దర్జాగా ఉండేది. లేదు, దర్జా అన్నది నా మాట. ఆమె తల వంచుకుని వడ్డించేది. దర్జాగా నిలబడి చూసింది నేను.

తర్వాత కొత్త అయ్యగారు వచ్చారు. చిన్న వయసు, మంచి మాట. ఆయన మీద నాకు చాలా కోపముంది గానీ పనిమంతుడు కాదని అనలేను. గుళ్లో నేల అంతా టైల్స్ వేయించారు, పెద్ద సౌండ్ బాక్సులు తెప్పించారు, గుమ్మం పక్కన ఫోన్‌తో కానుక పంపే స్కానర్ బోర్డు పెట్టించారు. పులివెందుల నుంచి ఒక కాంట్రాక్టరు ఆ టైల్స్ ఇచ్చాడని గోడ మీద నల్లరాతి పలక మీద చెక్కించారు. ఒక ఆదివారం ప్రసంగం అయ్యాక పిడికెడు బియ్యం సంగతి ఎత్తారు. బియ్యానికి పురుగు వస్తోందట, టైల్స్ మీద పాకుతోందట, వండడానికి మనుషులు దొరకడం లేదట. ఇక మీదట అమ్మలందరూ కానుకను డబ్బు రూపంలోనే ఇవ్వాలి, ఇచ్చినవారి పేరు చదివి ప్రార్థన చేస్తాం అన్నారు. గంగాళం వెళ్లి సామాన్ల గదిలో పడింది.

మిగతా ఆడవాళ్లు ఆ వారమే మానేశారు. కొందరికి హాయిగా కూడా ఉండి ఉంటుంది. మా ఇంట్లో మాత్రం మర్నాడు పొద్దున చేటలోంచి పిడికిలి లేచింది.

“ఏమ్మే, గుళ్లో వద్దన్యారు గదా. ఇంక ఎవురికి తీస్తాండావు?” అన్నాను.

“నేను తీసేది అయ్యగారికా?”

“మరి యాడికి పోతాయి అవి?”

“యాడికన్నా పోతాయి. తీసిపెట్టేది నా పని. తీసుకునేది ఆయన పని. నువ్వు గమ్మున టీ తాగు మామా.”

గమ్మున టీ తాగాను. కుండ నిండింది. కిరసనాయిలు డబ్బా ఒకటి కడిగి ఎండబెట్టింది, అదీ నిండింది. కొన్నాళ్లకు ఇల్లంతా బస్తాలే, పడుకోవడానికి చోటు లేక నేను అరుగు మీదికి పోయాను. సరే, బస్తాలు కాదు, ఒక్క మూట. నేను అరుగు మీద పడుకుంది ఉక్కపోతకు. కానీ ఆ ఒక్క మూట నాకు ఇల్లంతా ఉన్నట్టే ఉండేది. నెలకోసారి ఆమె దాన్ని మిద్దె మీద చాప పరిచి ఎండబోసేది. వేపాకు కలిపేది. పురుగు పట్టకుండా ఎండుమిరపకాయలు దూర్చేది. మా తిండికి వాడే బియ్యానికి కూడా అంత సేవ చేసేది కాదు.

ఒక వానాకాలం నాకు మోకాలు వాచి మంచం దిగలేకపోయాను. ఆ వారమే కంట్రోలు బియ్యం రావడం ఆలస్యమైంది. ఇంట్లో తినడానికి గింజ లేదు, మూలన మూట మాత్రం బొద్దుగా కూర్చుని ఉంది.

“దాంట్లోనుంచి రొండు గిద్దెలు తియ్యి. కంట్రోలువి రాంగానే మళ్లీ పోస్తువులే,” అన్నాను.

ఆమె వినిపించుకోలేదు. గిన్నె తీసుకుని పక్కింటికి పోయింది. పక్కింటాయన టైలరు, సాయిబులు. కిటికీలోంచి వాళ్ల మాటలు నాకు వినిపించాయి.

“ఏందక్కా, అంత లావు మూట ఇంట్లో పెట్టుకోని మా కాడికొస్తివే?” అని ఆ టైలరు భార్య నవ్వింది.

“అది మాది కాదు పాపా.”

“ఓ, తీసిపెట్టిందా,” అందామె. నవ్వు ఆపేసింది. “మా ఇంట్లో గూడా అంతేలే అక్కా. బీదోళ్లకు జకాత్‌కని పక్కన పెట్టినాక దాన్ని మేము ముట్టం. గిన్నె ఇట్లియ్యి.”

ఇంకో మాట అడగకుండా గిన్నె నింపింది. మా గుళ్లో ఎన్ని మాటలు చెప్పినా అర్థం కానిది ఆమెకు అంత సులభంగా ఎట్లా అర్థమైందో! ఆ పూట అన్నం తింటూ నేను మా ఆవిడ భక్తికి చేతులెత్తి మొక్కాను అని రాస్తే చదువరులు మెచ్చుకుంటారు. మొక్కలేదు. ఇంట్లో బియ్యం పెట్టుకుని అడుక్కుతినే కాపురం మాదొక్కటే అని సణుగుతూ తిన్నాను.

ఆమెకు కాళ్ల వాపు మొదలయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ప్రొద్దుటూరులో గుండె డాక్టరుకు చూపించాను. గుండె పెద్దదయిందని చెప్పి, ఉప్పు, నూనె మానమని చెప్పి, ఆమెను బయట కూర్చోమని నాతో విడిగా మాట్లాడాడు. ఆ విడి మాటలు ఆమెకు చెప్పకుండా దాచాననుకున్నాను. బస్సు ప్రొద్దుటూరు దాటుతుండగా ఆమే ఎత్తింది.

“మామా, నాకింక శానా టైము లేదు. నేను పొయ్యేలోపల ఆ మూట గుడికి చేర్చాల.”

“వాళ్లు వద్దంటాండారు గదమ్మే. మన వీధిలో లేనోళ్లు లేరా? పంచేస్తే పాయె.”

“నాదైతే పంచుదును. నాది కాంది నేనెట్ల పంచేది?” అని నా వైపు తిరిగింది. “నేను పంచితే ఏమంటారు? ఆయమ్మ ఇచ్చింది అంటారు. నేనిచ్చినానా? అది తీసిన పొద్దే ఆయనదైపాయ. ముందు ఆయన ముందర పెట్టి ప్రార్థన చెయ్యాల. ఆడినుంచి ఎవురికన్నా పోనీ. ఆయన సొత్తు ఇంట్లో పెట్టుకోని నేను పోలేను మామా.”

జబ్బు తన ఒంట్లో ఉంటే బెంగ బియ్యం మీద! నాకు ఒళ్లు మండింది. అయినా ఆమె నన్ను జీవితంలో అడిగినవి తక్కువ. మరుసటి ఆదివారం ఇద్దరం అయ్యగారి గదికి పోయాం. ఆయన పక్కన సంఘ పెద్ద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ప్రొద్దుటూరు రోడ్డులో ఆయనకు కోళ్ల షెడ్డు ఉంది. చెడ్డవాడు కాదు, మాటకు ముందు నవ్వు.

మా ఆవిడ సంగతి చెప్పింది. అయ్యగారు ఓపికగా విన్నారు.

“మీ మనసు మంచిదమ్మా. కానీ మీ దగ్గర తీసుకుంటే రేపు అందరూ తెస్తారు. వండేదెవరు? పైగా ఇప్పుడు ఏది తీసుకున్నా రసీదు రాయాల, పేరు చదవాల.”

“పేరెందుకయ్యా? ఇన్నేండ్లూ పేరు లేకుండానే పోస్తిమి గదా.”

“అప్పుడు వేరమ్మా. ఇప్పుడు పేరు లేకుండా తీసుకుంటే నామీదికొస్తాది.”

సంఘ పెద్ద ముందుకు వంగాడు. ఆయన సాయం చేయాలనే అన్నాడు. “ఒక పని చేద్దామా? టైల్స్ ఇచ్చిన పులివెందుల కాంట్రాక్టరు ఉండాడే, ఆయప్ప పేరుతో రాసుకుందాం. ఆయప్ప మాట మీద ఇంకో పది మూటలు గూడా వస్తాయి. అయ్యగారికి ఇబ్బంది లేదు, నీ పనీ అయితాది. ఏమంటావమ్మా?”

అయ్యగారు కాదనలేదు. కాదనకపోవడం నేను చూశాను.

“పేరు లేకుండా పెట్టండి, లేకుంటే వద్దు,” అంది మా ఆవిడ. “ఇంకొకరి పేరు పెడితే అది అబద్ధం అయితాదప్పా. అబద్ధం తీసుకపోయి ఆయన ముందర పెట్టమంటారా?”

అప్పుడు నేను కుర్చీ వెనక్కి తన్ని లేచాను. టైల్స్ మీద పురుగులు పాకితే మీకు నొప్పి, వరండాలో మనుషులు పస్తుంటే నొప్పి లేదా అని గర్జించాను. సంఘ పెద్ద ముఖం పాలిపోయింది.

ఎక్కడిది! కుర్చీ తన్నడానికి నాకు మోకాలు సహకరించాలి కదా. ఆ మాటలు ఇంటికొచ్చాక రెండు రోజులకు తట్టాయి. అక్కడ నేను చేసిందల్లా చేతికర్ర తీసుకుని, వందనాలయ్యా అని చెప్పి, ఆమె వెనక మెట్లు దిగడం.

తర్వాత మా కూతురు ఫోన్ చేసింది. పులివెందులలో కాపురముంటుంది. అక్కడొక ప్రార్థన మందిరం వాళ్లు పేదలకు విందు పెడుతున్నారని, ఊరంతా మైకులో చెబుతున్నారని మాటల్లో అంది. మా ఆవిడ ముఖం వెలిగింది. విందంటే వంట. వంటంటే బియ్యం. వాళ్లు వండేముందు ప్రార్థన చేస్తారు, ఆ రాశిలో తన మూట ఒంపేస్తే తీరిపోయె అనుకుంది. నాకూ సబబుగానే తోచింది. ముద్దనూరు మీదుగా పోయే బస్సులో మూట వేసుకుని బయలుదేరాం. మూట నేనే భుజాన వేసుకుని ఎక్కానని చెప్పుకుంటూ ఉంటాను. కండక్టరు తిట్టుకుంటూ ఎక్కించాడు.

మందిరం ముందు షామియానా వేశారు. పొయ్యిలు లేవు, దబరలు లేవు. పెద్ద ఫ్లెక్సీ కట్టి, దాని కింద ప్లాస్టిక్ సంచులు పేర్చి ఉన్నాయి. ఒక్కో సంచి మీద ఒక పెద్దమనిషి నవ్వుముఖం స్టిక్కరు. వితంతువులూ ముసలమ్మలూ ఎండలో వరస కట్టి ఉన్నారు. వాలంటీరు బ్యాడ్జీ పెట్టుకున్న ఒక ఆడమనిషి మా ఆవిణ్ణి చూసింది. వాచిన కాళ్లు, పాత చీర, పక్కన మూట. ఏ ఊరమ్మా, పాపం, నిలబడలేకున్నావే అంటూ చెయ్యి పట్టుకుని వరస ముందుకు తీసుకుపోయింది.

“అమ్మా, నేను తీసుకునేదానికి రాలే. ఇచ్చేదానికొచ్చినా,” అంటోంది మా ఆవిడ.

“అందరికీ ఇస్తాండాంలే అవ్వా, బయపడొద్దు. ఇటు చూడు, ఈ పక్కకు. ఫోటో.”

“బియ్యం తెచ్చినా తల్లీ. ప్రార్థన చేసి...”

“ప్రార్థన ఆఖర్న ఉంటాది. సంచి ఇట్ల ఎత్తి పట్టుకో, ముఖం కనపడల్ల. నీది కాదవ్వా, సంచి మీదుండే సార్ ముఖం.”

ఆమె చేతుల్లో సంచి పెట్టారు. ఫోటో తీశారు. వెనకనుంచి జరుగు, జరుగు అని తోపులాట. నేను కర్ర ఎత్తి అడ్డం పడి చెప్పేలోపల ఆమె షామియానా అవతలి పక్కనుంచి బయటికొచ్చేసింది. ఇవ్వడానికి ఒక మూటతో పోయిన మనిషి, ఆ మూటతో పాటు ఇంకో సంచి తీసుకుని తిరిగొచ్చింది. తప్పు ఆ వాలంటీరుది కూడా కాదనిపిస్తుంది నాకు. మా ఆవిడలాంటి మనిషి ఇచ్చేదాన్లాగా కనిపించే కాలం కాదిది. వాళ్ల లెక్కలో పేదరాలంటే చెయ్యి చాపేదే. ఆ చేతిలో ఏదైనా ఉండొచ్చని ఎవరికీ తోచదు.

బస్సులో ఆమె ఏడ్చింది. జబ్బు గురించి ఆమె కంట నీళ్లు పెట్టడం నేను చూడలేదు. ఆ రోజు ఏడ్చింది.

“నన్ను చూస్తే అట్లుండానా మామా? ఇయ్యడానికి ఏమీ లేనిదాని మాదిరి?”

నేను వెంటనే, నువ్వు మహారాణి మాదిరి ఉంటావమ్మే అన్నాను. నా మాటలకు విలువ ఎంతో ఆమెకు బాగా తెలుసు. కిటికీ వైపు తిరిగింది.

ఆ సంచిలోవి సన్నబియ్యం. మర్నాడు చేటలో పోసుకుని, అలవాటు ప్రకారం అందులోంచీ ఒక పిడికెడు తీసి మూటలో వేసింది. మిగిలినవి వండింది. వాటిని తినడానికి నాకు సిగ్గేసి ముద్ద దిగలేదని రాయాలి. దిగింది. చాలా బాగున్నాయి. మారు వడ్డించుకున్నాను. ఆమె మాత్రం సంగటి తింది.

ఇక మిగిలింది కోత పండుగ. పంట ఇంటికొచ్చే కాలంలో మా గుళ్లో జరిగే పండుగ అది. ఎవరి చేలో పండింది వాళ్లు తెస్తారు. శనగమొక్కలు, జొన్నకంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, ఒక్కోసారి పొట్టేలు కూడా. అంతా బలిపీఠం ముందు కుప్ప పోస్తారు. అయ్యగారు ఆ కుప్ప మీద ప్రార్థన చేస్తారు. తర్వాత గుడి బయట ఒక్కొక్కటే వేలం వేస్తారు. ఆ వేలం వేసేది ఎప్పుడూ నేనే. యార్డులో ధర కోసం పోటీ, ఇక్కడ దేవుని కోసం పోటీ. ఒక నిమ్మకాయ పట్టుచీర ధర పలుకుతుంది. పాడుకున్నవాడు దాన్ని మళ్లీ కుప్పలోనే పెడతాడు, ఇంకొకడు దాన్నే ఇంకా పెంచి పాడతాడు. ఆ ఒక్కపూట నా అబద్ధాలు పుణ్యంలోకి వస్తాయి.

“ఆ పొద్దు ఏం తెచ్చినా కాదనరు గదా మామా. పేర్లు గూడా అడగరు,” అంది ఆమె.

పండుగనాడు అందరికంటే ముందు ఆటోలో పోయాం. మూట తీసుకెళ్లి కుప్పకు ఒక పక్కన పెట్టి, దాని మీద జొన్నదంట్లు వాల్చాను. ప్రార్థనకు ముందు అయ్యగారు కుప్ప చుట్టూ ఒకసారి నడిచారు. మూట దగ్గర ఆగారు. దంటు పక్కకు జరిపి చూశారు. తలెత్తి ఆడవాళ్ల వైపు, అక్కడినుంచి నా వైపు చూశారు. నేను పైకప్పు చూస్తూ నిలబడ్డాను. ఆయన దంటును మళ్లీ వాల్చి, చేతులు చాచి, కళ్లు మూసుకున్నారు. ఆ ఒక్కదానికి ఆయన్ను నేను పూర్తిగా తిట్టలేకపోతున్నాను.

ప్రార్థన జరిగినంతసేపూ మా ఆవిడ మోకాళ్ల మీదే ఉంది. ఆ కాళ్లతో ఎట్లా ఉందో తెలియదు. ఆమేన్ అన్నాక ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది.

వేలం మొదలైంది. గుమ్మడికాయ వేలం వేశాను, పుంజును వేశాను. టైల్స్ కాంట్రాక్టరు ముఖ్య అతిథిగా వచ్చి ఒక నిమ్మకాయకు పాడిన పాటకు చప్పట్లు మోగాయి. నా గొంతు పెన్న దాటింది, లేదా కనీసం మా వీధి దాటింది. అప్పుడు మూట వచ్చింది.

విప్పాను. పైన సన్నబియ్యం, కింద కంట్రోలువి, మధ్యలో నూకలు, ఎండుమిరపకాయలు, వేపాకు పొడి. పాతబడి రంగు తిరిగిన బియ్యం.

“ఏంది మామా, పులిహోరకు కలిపి తెచ్చినారా?” అన్నాడెవడో. జనం నవ్వారు.

“దేవుని బియ్యం! ప్రతిపూటా ప్రార్థన చేసి తీసిన బియ్యం! ఎవరు పాడతారప్పా?” అన్నాను.

ఎవరూ పాడలేదు. తాలు శెనక్కాయలను బంగారమని అమ్మినవాణ్ణి. నిజమైన బంగారం చేతిలో పెట్టుకుని నిలబడితే నాకు మాట రాలేదు. పెంచాలంటే ఎక్కడినుంచి పెంచాలో తెలియలేదు. ఇది నా ఇంటిదని చెప్పకూడదు. వేలం వేసేవాడు తానే పాడుకోకూడదు. మళ్లీ అడిగాను. కాంట్రాక్టరు ఫోన్ చూసుకుంటున్నాడు.

సంఘ పెద్ద చెయ్యెత్తాడు. రెండు టీలు తాగే ధర చెప్పాడు. “పోనీలే, నా కోళ్లకు పనికొస్తాయి. పాతవైనా కోళ్లు తింటాయి.”

ఇంకొకరి కోసం చూశాను. ఎవరూ లేరు. ఆడవాళ్లలో కూర్చున్న మా ఆవిడ వైపు చూశాను. వద్దని తల ఊపితే ఆపేద్దామనుకున్నాను. ఆమె కానీ అన్నట్టు చెయ్యి కదిపింది. నేను మైకు నేలకేసి కొట్టి, మూట భుజానికెత్తుకుని గుళ్లోంచి బయటికి నడిచాను.

నడవలేదు. మైకు గట్టిగా పట్టుకుని మూడోసారి అని పాట ముగించాను. సంఘ పెద్ద దగ్గరికొచ్చి నా భుజం తట్టి, నీ కోసమే పాడినానప్పా, లేకుంటే మిగిలిపోతాండె అన్నాడు. ఆ మాట నిజమే. అందుకే ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

ఆటోలో ఇంటికొస్తుంటే నేను ఆగలేకపోయాను.

“కోళ్లకు పోయినాయమ్మే! నీ నోటికాడివి తీసిపెట్టి, పక్కింట్లో అప్పడిగి, ఎండబోసి, ఏరి, ఆఖరికి కోళ్లకు!”

“ప్రార్థన అయిపాయ గదా.”

“అయితే?”

“అయితే ఇంక నా బరువు దిగింది. ఆ దేవుడు కోళ్లకేస్తాడో మనుషులకేస్తాడో ఆయనిష్టం. నువ్వు కోళ్లకిచ్చినావేమో మామా, నేను ఇయ్యలే.”

ఆమె ముఖంలో దుఃఖం వెతికాను. ఉంటే నాకు తోడు దొరికేది. లేదు. కాపురమంతా ఒకే మంచం, ఒకే చేట. ఆమె ఉన్నచోటికి నేను చేరలేనని ఆ ఆటోలో అర్థమైంది. అది నాకు కోళ్ల సంగతికంటే చేదుగా తగిలింది.

“ఆకలైతాంది,” అంది. కొన్ని నెలలుగా ఆ మాట ఆమె నోట వినలేదు. “ఉగ్గాని తిందామా? మిరపకాయ బజ్జీతో.”

“డాక్టరు నూనె వద్దన్యాడు.”

“డాక్టరు ప్రొద్దుటూరులో ఉండాడు. మనం ఈడుండాం.”

బస్టాండు దగ్గర బల్ల మీద కూర్చుని ఉగ్గాని తింది. బజ్జీ కొరికి, కారానికి ముక్కు తుడుచుకుని, మళ్లీ కొరికింది. చిన్నపిల్ల తిన్నట్టు ప్లేటు చివర అంటుకున్న బొరుగులు కూడా వేలితో తీసి తింది. ఎండాకాలం రాకముందే ఆమె పోయింది. అంత ఇష్టంగా ఆమె తినడం నేను చూసింది అదే చివరిసారి.

ఆమె తింటుంటే చూసి దేవునికి మనసులో స్తోత్రం చెప్పుకున్నానని రాస్తే బాగుంటుంది, మా సంఘంలో చదివినవాళ్లు సంతోషిస్తారు. చెప్పలేదు. ఇచ్చే మనిషి విలువ తెలియని ఆ గుడి మీదా, ఊరుకున్న ఆ దేవుని మీదా కోపంతో నా ప్లేటులో ఉగ్గాని చల్లారిపోయింది. ఆమె అది కూడా తన వైపు లాక్కుంది.